లేని తలుపు

టక్, టక్, టక్. ఇంగ్లండులోని డార్ట్‌మూర్ కొండ మీద, పొగమంచులో, రాతికి కర్ర తగిలిన చప్పుడు వినిపించిందంటే ఎక్కడో ముసలి జేబెజ్ ఎండకాట్ తలుపు తడుతున్నాడన్నమాట. తలుపుండదు. కప్పూ ఉండదు. ఇనుము సంగతి ఎరగని కాలంలో ఎవరో కట్టుకున్న గుండ్రటి రాతి ఇళ్ళవి. ఇప్పుడు మోకాలెత్తు గోడలు, లోపల గడ్డి, అప్పుడప్పుడూ ఓ గొర్రె. జేబెజ్ మాత్రం వాకిట్లో ఆగి, "లోపలికి రావచ్చా?" అని అడిగి, బూట్లు గడ్డికి తుడుచుకుని, లేని దూలం కింద తల వంచి మరీ వెళ్ళేవాడు.

ఓసారి వడగళ్ళ వానలో పాదిరిగారిని వాకిట్లోనే నిలబెట్టేశాడు.

"లోపలికి పదవయ్యా."

"ఇంకా పిలవలేదు కదండీ."

పాదిరిగారూ బుద్ధిగా ఆగారు. లోపలా అవే వడగళ్ళు పడుతున్నాయని ఇంటికెళ్ళాక గాని ఆయనకు తట్టలేదు.

ఆ ఊళ్ళోనే ఉండే డోర్కాస్ లస్కమ్‌కి ఈ మనిషంటే ఒళ్ళుమంట. తన తల్లి పోయిన శీతాకాలం, ఆవిడ ఆ రాళ్ళ మధ్య ఒంటరిగా కూచుంటే అక్కడా టక్ టక్‌మన్నాడు. గబగబా ఏప్రన్‌తో మొహం తుడుచుకుని, "తగలడ్డాడు," అనుకుంది. వచ్చి కూచుని, గొర్రెల గిట్టల తెగులు గురించి చీకటి పడేదాకా చెప్పాడు.

అలాంటి మనిషిని ఓ మార్చి ఉదయం ఆవిడే వెళ్ళి పిలవాల్సి వచ్చింది. చచ్చిపోయిన ముసలి కుక్కను పాతిపెట్టడానికి వెళ్ళిన భర్త రూబెన్ తిరిగి రాలేదు. మంచు కమ్మేసింది. కొండ మీద ఊబులున్నాయి.

"ముందు ఇళ్ళలో అడుగుదాం," అన్నాడు జేబెజ్. మొదటి వాకిట్లోనే ఆగాడు. టక్, టక్, టక్.

"ఊబిలో పడ్డాడేమోనని నేను చస్తుంటే నీకు మర్యాదలా, పెద్దాయనా?"

"అడక్కుండా ఎలాగమ్మా."

ఆవిడ గోడ దాటబోయింది. కర్ర అడ్డం పెట్టాడు.

లోపల్నుంచి ఓ దగ్గు. ముక్కు చీదిన చప్పుడు.

"ఎవరూ?"

"జేబెజ్‌ని. మీ ఆవిడ కూడా వచ్చింది. రావచ్చా?"

"ఒక్క నిమిషం ఆగండి."

కాలు విరిగిన రోజున కూడా ఈల వేసుకుంటూ పడుకున్న మనిషి గొంతు అది. తడిసి ముద్దయి ఉంది. డోర్కాస్ జేబెజ్ వంక చూసింది. ఆయన అటు తిరిగి, శ్రద్ధగా, ఏమీ కనపడని మంచును చూస్తున్నాడు. ఆ శీతాకాలం తను ఏప్రన్ కోసం తడుముకున్నంతసేపూ బయట ఇలాగే నిలబడి ఉంటాడు.

"రండి," అన్నాడు రూబెన్.

జేబెజ్ కర్ర తీశాడు.

"ముందు నువ్వెళ్ళు తల్లీ. తల వంచుకో, దూలం తగుల్తుంది."