ముందు గ్లాసు నీళ్లు

మా మేనత్త పోయిందని బిజినేపల్లి నుంచి ఎదురింటి ఫోనుకు కబురొచ్చింది. బస్సు ఎక్కేదాకా ఏడుపు రాలేదు. దారిలో బత్తాయి తోటలు కనపడగానే ఇక ఆగలేదు.

మామ పోయాక వాళ్ల తోటను అత్తే సాకింది. మా వైపు బత్తాయి పూత పట్టాలంటే కొన్నాళ్లు నీళ్లు ఆపి చెట్టును ఎండగడతారు. ఆకు వాడుముఖం పట్టాక మళ్లీ నీళ్లిస్తే తోటంతా పూస్తుంది. కాస్త ఎక్కువ ఎండితే చెట్టే పోతుంది. అందరూ ఆకును చూసి అంచనా కట్టేవారు. అత్త మాత్రం హైదరాబాద్ పోయి, మట్టిలో గుచ్చితే తడి ఎంతుందో అంకెల్లో చూపే మీటరు కొనుక్కొచ్చింది.

"భూమికి జ్వరం చూస్తున్నవా వదినా?" అని ఆమె మరిది ఆటపట్టించేవాడు.

"చూస్తె తప్పేంది? అది నోరు తెరిశి చెప్పదు గద," అనేది అత్త.

ఆ ఏడు తోట విరగబూసింది. నవ్వినవాళ్లే వచ్చి మీటరు అడుక్కుపోయారు, మరిది తప్ప.

మరుసటి ఏడు అదే ముంచింది. బ్యాటరీ అయిపోవచ్చి అంకె ఒకచోటే నిలిచిపోయింది. నేలలో ఇంకా తడి ఉందనుకుని అత్త నీళ్లు వదల్లేదు. రోజూ వంగి అంకెను చూసిందే గానీ తలెత్తి ఆకును చూడలేదు.

"గా మిషన్ ఇడిశిపెట్టి జర చెట్ల దిక్కు చూడు వదినా," అని మరిది వచ్చి చెప్పేసరికి సగం తోట మోడువారింది.

ఇంకొకరైతే ఆ మీటరును బావిలో పారేసేవారు. అత్త బ్యాటరీ మార్చింది. "తప్పు నాదే. అది మంచిగున్నదా లేదా అని నేను చూడలే," అంది. పోయిన చెట్ల గుంతల్లో కొత్త మొక్కలు పెట్టింది. అప్పటినుంచి తోటకు స్టీలు గ్లాసు పట్టుకుని పోయేది. మీటరును ముందు గ్లాసు నీళ్లలో ముంచేది. అంకె పైకి లేస్తేనే మట్టిలో గుచ్చేది. ఆ తర్వాత తలెత్తి ఆకును చూసేది.

"ముందు దానికి నీళ్లు చూపియ్యాలె. అప్పుడు దాని మాట ఇనాలె," అని నాకూ చెప్పింది. వనపర్తి దవాఖానలో నర్సుగా ఏ మిషన్ ముట్టుకున్నా నాకు ఆ మాటే గుర్తొస్తుంది. నాకు పని నేర్పినవాళ్లలో అత్తను మించినవారు లేరు.

ఆమె పోయేనాటికి తోటకు నీళ్లు ఆపి ఉన్నాయి. ఏడుపుల్లో ఆ సంగతి అందరం మరిచాం. మర్నాడు పొద్దున మరిది ఇంట్లో కనపడకపోతే వెతుక్కుంటూ తోటకు పోయాను. అత్త తిరిగి పెట్టిన చెట్ల మధ్య ఆయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎన్నడూ ముట్టని ఆ మీటరును గ్లాసులో ముంచి, అంకె లేచేదాకా చూశాడు. మట్టిలో గుచ్చి మళ్లీ చూశాడు. తర్వాత తలెత్తి ఆకుల దిక్కు చూశాడు.