మొదటి షిఫ్టు రోజుల్లో తెరుచుకోని యాప్

ఎంసీఏ పూర్తయి ఏడాది దాటినా నాకు ఉద్యోగం రాలేదు. ఉద్యమం రోజులు. హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ ఉందని బయల్దేరితే బస్సులు ఉండేవి కావు, బస్సులు నడిచిన రోజు ఇంటర్వ్యూ వాయిదా పడేది. చివరికి హాస్టల్ ఖాళీ చేసి గోదావరిఖని వచ్చి మా అక్క వాళ్ల క్వార్టర్‌లో ఉన్నాను. మా బావ భూగర్భ గనిలో, ఇక్కడి మాటలో బాయిలో, ఫిట్టర్. ముందు గదిలో కిటికీ పక్కన నా పాత కంప్యూటర్ పెట్టుకోవడానికి చోటిచ్చారు. రోజంతా దాని ముందే కూర్చునేదాన్ని. ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే నేర్చుకుంటున్నానని చెప్పేదాన్ని.

దవాఖాన ఎదురుగా ఒక మెడికల్ షాపు ఉండేది. దాన్ని నడిపే పెద్దాయనను అందరిలాగే నేనూ చాచా అనేదాన్ని. ఆయన దగ్గర ఒక లావుపాటి నోట్‌బుక్కు ఉండేది. రక్తం ఇవ్వడానికి ఒప్పుకున్న వాళ్ల పేర్లు, గ్రూపులు, ఫోన్ నంబర్లు అందులో రాసి పెట్టేవాడు. సగం తెలుగులో, సగం ఉర్దూలో. ఎవరికి అవసరం పడినా ఆ కౌంటర్ దగ్గరికే వచ్చేవాళ్లు. ఒకరోజు అక్క కోసం మాత్రలు కొనడానికి వెళ్లి, ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి ఒక్కో పేజీ తిప్పుతుంటే చూశాను. ఇదంతా ఫోన్‌లో పెట్టొచ్చు చాచా, గ్రూపు నొక్కితే పేర్లు వస్తాయి అన్నాను. అడక్కుండానే అన్నాను. ఆయన వెంటనే నోట్‌బుక్కు నా చేతిలో పెట్టాడు. ఉర్దూలో ఉన్నవి తానే చదివి వినిపిస్తానన్నాడు. వారం తిరక్కముందే కమ్యూనిటీ హాల్లో ఒక ఆదివారం సభ పెట్టి అందరికీ చూపిస్తామని తెలిసిన వాళ్లందరికీ చెప్పేశాడు.

సభ రెండు వారాల్లోకి వచ్చేసరికి కూడా నేను రాసిన యాప్ కంప్యూటర్ తెర మీది ఉత్తుత్తి ఫోన్‌లో మాత్రమే నడిచేది. నిజం ఫోన్‌లో నడుస్తుందో లేదో చూడాలి. నా దగ్గర ఉన్నది మీటల ఫోను. ఇంట్లో టచ్ ఫోన్ ఒక్కటే, బావది. ఆయన దాన్ని ఎంతో జాగ్రత్తగా చూసుకునేవాడు. గనిలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు కాబట్టి డ్యూటీకి వెళ్లేటప్పుడు ఇంట్లో పెట్టి వెళ్లేవాడు. ఊరికే పెట్టేవాడు కాదు. వెనక మూత తీసి, బ్యాటరీ బయటికి తీసి, రెండింటినీ ఒక బట్ట సంచిలో పెట్టి అల్మారాలో దాచేవాడు. అట్లా చేస్తే బ్యాటరీ చాలా ఏళ్లు వస్తుందని ఫోన్ అమ్మినాయన చెప్పాడట. నేను అడిగితే వాడుకొమ్మన్నాడు గాని, పగలగొట్టొద్దని రెండుసార్లు చెప్పాడు.

మొదటిసారి ఒక ఆదివారం బావ ఇంట్లో ఉండగానే కేబుల్ తగిలించి యాప్‌ను ఫోన్‌లోకి ఎక్కించాను. యాప్ బొమ్మ నొక్కగానే తెరుచుకుంది. ఎర్ర గీత, దాని కింద గ్రూపులు, గ్రూపు నొక్కితే పేర్లు. అక్కను పిలిచి చూపించాను. బావ తన వేలితో నాలుగైదు సార్లు నొక్కి చూసి బాగుందన్నాడు.

మర్నాడు ఆయన మొదటి షిఫ్టుకు పోయాక సంచిలోంచి ఫోన్ తీసి, బ్యాటరీ వేసి, ఆన్ చేసి అదే బొమ్మ నొక్కాను. తెర నల్లగా అయింది. రెండు క్షణాలు అట్లాగే ఉంది. తర్వాత యాప్ ఆగిపోయిందని ఒక చిన్న పెట్టెలో రాసి వచ్చింది. మళ్లీ నొక్కాను. మళ్లీ అదే.

రాత్రికి రాత్రే నేనేమీ మార్చలేదు. ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఏదైనా మార్చి ఉంటే దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. యాప్ తీసేసి మళ్లీ ఎక్కించాను. కేబుల్ మార్చాను. ఫోన్‌లో జాగా సరిపోవడం లేదేమోనని అక్కను బతిమాలి పాటలు కొన్ని తీసేయించాను. యాప్ ఆగిపోయినప్పుడల్లా కంప్యూటర్ తెర మీద ఎర్ర అక్షరాల్లో చాంతాడంత పట్టీ వచ్చేది. పైన ఉన్న మొదటి రెండు లైన్లు చదివి, అక్కడేదో ఖాళీగా ఉందని చెబుతోంది కాబట్టి ఆ ఖాళీ ఎక్కడుందా అని నా ప్రోగ్రామంతా వెతికేదాన్ని. కింద ఇంకా ముప్పై లైన్లు ఉండేవి. వాటి దాకా పోలేదు. తప్పు నాదే అయ్యుంటుందని అంత గట్టిగా నమ్మాను.

ఆ నెలంతా బావకు మొదటి షిఫ్టే. ఆయన మూడున్నరకు ఇంటికి వచ్చేవాడు. ఆయన చెప్పుల చప్పుడు వినబడగానే కేబుల్ పీకి ఫోన్ ఇచ్చేసేదాన్ని. ఆయన దాన్ని పట్టుకుని గుమ్మం బయట కుర్చీలో చాయ తాగుతూ కూర్చునేవాడు. నేను లోపల గోడ గడియారం చూసుకుంటూ, ఈ రోజూ అయిపోయిందనుకునేదాన్ని. అన్నం సహించేది కాదు. చాచా ఎదురుపడతాడని దవాఖాన వైపు పోవడం మానేశాను. అక్కకు మాత్రలు కావాలంటే దూరంగా ఉన్న ఇంకో షాపుకు పోయి తెచ్చాను.

మళ్లీ ఆదివారం వచ్చింది. బావ పక్కన కూర్చుని ఉండగా, ఆశ లేకుండానే నొక్కాను. తెరుచుకుంది. పదిసార్లు మూసి తెరిచాను, పదిసార్లూ తెరుచుకుంది. సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. మంచిర్యాలలో ఉన్న నా క్లాస్‌మేట్‌కు ఫోన్ చేసి చెప్పాను. ఆమె అప్పటికే ఒక చిన్న కంపెనీలో ఇదే పని చేస్తోంది. ఆదివారం తెరుచుకుంటుంది, డ్యూటీ రోజు తెరుచుకోదు అంటే ఆమె నవ్వింది. నవ్వినా, ఒక్క మాట మాత్రం మంచిదే అడిగింది.

"ఆదివారం ఆ ఫోన్‌ల ఏముంది, సోమవారం ఏం లేదు? అదే చూడు."

చూశాను. సిమ్ అదే, నెట్ అదే, యాప్ అదే. బావ ఇంట్లో ఉన్నాడు, లేడు. అంతకంటే తేడా నాకు కనిపించలేదు. సోమవారం మళ్లీ నల్ల తెర. సభ ఇంక ఆరు రోజుల్లో.

బుధవారం మూడున్నర దాటింది, బావ రాలేదు. నాలుగు అయింది. అక్క రెండుసార్లు గుమ్మం దాకా పోయి వచ్చింది. గని పని అలాంటిది, ఒక్కోసారి ఆలస్యమవుతుంది, ఫికర్ చెయ్యొద్దని నేనే అన్నాను. అంటూనే ఫోన్‌ను కేబుల్‌కు తగిలించుకుని ఇంకో గంట దొరికిందని లోపల అనుకున్నాను. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అప్పుడే నా మీటల ఫోన్ మోగింది. చాచా. ఆయన గొంతు వెనక చాలా మంది మాటలు వినిపిస్తున్నాయి.

"బేటీ, బాయిల కప్పు కూలి ఒకాయనకు దెబ్బలు తాకినయి. దవాఖానకు తెచ్చిన్రు. ఓ నెగెటివ్ కావాలె. నీ ఫోన్ల చూసి పేర్లు చెప్పు."

నా ఎదురుగా ఉన్న బావ ఫోన్‌లో బొమ్మ నొక్కాను. నల్ల తెర. మళ్లీ నొక్కాను. ఆగిపోయింది.

"తెరుచుకుంటలేదు చాచా" అన్నాను.



"అయితే బుక్కు తే. జల్ది రా" అని పెట్టేశాడు.

ఏ గని అని నేను అడగలేదు. ఎవరు అనీ అడగలేదు. పక్కనే కంప్యూటర్‌లో అవే పేర్లు ఉన్నాయని తట్టనే లేదు. వెనక్కి తిరిగితే అక్క నిలబడి ఉంది, ఫోన్‌లోంచి బయటికి వినబడిన చాచా మాటలన్నీ విన్నది. చెప్పులేసుకుంది. నోట్‌బుక్కు ఒక చేత్తో, బావ ఫోన్ ఇంకో చేత్తో పట్టుకుని రోడ్డు మీదికి పరుగెత్తాను. ఆటో దొరికింది. ఓ నెగెటివ్ పేర్లు ఆటోలోనే వెతుకుదామని పేజీలు తిప్పాను. కుదుపులకు అక్షరాలు ఆగడం లేదు. సగం ఉర్దూ, నాకు చదవరాదు.

దారిలో అక్క ఒక్కటే అడిగింది.

"మీ బావది ఏ గ్రూపు?"

నాకు తెలియదు. మూడు నెలలుగా ఊళ్లో వాళ్లందరి గ్రూపులూ టైపు చేశాను. నా పక్క గదిలో ఉండే మనిషిది అడగలేదు. తెలియదక్కా అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి చల్లగా ఉంది. రాజీవ్ రహదారి మీద లారీల వెనక ఆటో ఆగినప్పుడల్లా ఆ పట్టు బిగిసేది.

దవాఖాన వాకిట్లో గని బట్టలతో, బొగ్గు ముఖాలతో పదిహేను మంది దాకా ఉన్నారు. ఆ నలుపులో ఎవరు ఎవరో ఒక్క చూపుకు తెలియలేదు. అక్కకు తెలిసింది. గుంపు వెనక, గోడకు ఆనుకుని నిలబడ్డ మనిషి దగ్గరికి తిన్నగా నడిచి వెళ్లి చొక్కా పట్టుకుంది. బావ. దెబ్బ తగిలింది ఆయనతో పాటు పని చేసే ఆయనకు. స్ట్రెచర్ మోసుకుంటూ బావ కూడా అంబులెన్స్‌లోనే వచ్చాడు. అక్క ఏడవలేదు. చొక్కా మాత్రం చాలాసేపు వదల్లేదు.

చాచా నోట్‌బుక్కు తీసుకుని ఉర్దూ పేజీల్లో వేలు పెట్టి కిందికి జరిపాడు. నిమిషంలో రెండు పేర్లు పట్టాడు. ఒకరు రైల్వే స్టేషన్ దగ్గర మెకానిక్, ఇంకొకరు రామగిరి వైపు ఉండే రైతు. మెకానిక్ ఇరవై నిమిషాల్లో వచ్చాడు, చేతులకున్న గ్రీజు తుడుచుకుంటూనే లోపలికి పోయాడు. రైతు మోటార్ సైకిల్ మీద గంటకు వచ్చాడు. యాప్ సంగతి చాచా ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండుననిపించింది.

తర్వాత వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. దెబ్బ తగిలిన ఆయన తమ్ముడు కొత్తగూడెంలో పని చేస్తాడట, అతనికి చెప్పాలని బావ తన ఫోన్ అడిగాడు. ఇచ్చాను. నంబర్ కొట్టే ముందు ఆయన ఏదో పేజీ తెరిచి వేలితో అంకెలు పైకి జరపడం మొదలుపెట్టాడు. సంవత్సరం. ఒక్కొక్కటే ముందుకు తిప్పుతున్నాడు.

"ఏం చేస్తున్నవ్ బావా?"

"తారీఖు పెడుతున్న. బ్యాటరీ తీస్తే ఎప్పటిదో పాత తారీఖుకు పోతది గిది. రోజు ఇంటికొచ్చి పెట్టుకుంట."

"దానంతట అది పెట్టుకోదా?"

"నేనే వద్దని పెట్టిన. పది నిమిషాలు ముందు ఉండాలె నాకు, డ్యూటీకి లేటు కావద్దని."

రోజూ గుమ్మం బయట చాయ తాగుతూ ఆయన చేసిన పని ఇదే. సంచిలోంచి తీసి బ్యాటరీ వేసింది ప్రతి పొద్దున నేనే. ఫోన్ మీద టైము తప్పుగా ఉందని నేనెప్పుడూ గమనించలేదు, గోడ గడియారం చూసుకునేదాన్ని. నా యాప్ తెరుచుకోగానే మొట్టమొదట, పేర్లన్నీ ఉంచిన సర్వర్‌తో మాట్లాడుతుంది. సర్వర్ తన గుర్తింపు పత్రం చూపిస్తుంది. ఫలానా తేదీ నుంచి చెల్లుతుందని ఆ పత్రం మీద ఉంటుంది. ఫోన్ లెక్కలో ఆ తేదీ ఇంకా రానేలేదు. అందుకే ఫోన్ దాన్ని నమ్మలేదు, సర్వర్ నుంచి పేర్లు రాలేదు, పేర్లు రాకపోతే ఏం చేయాలో నా యాప్‌కు నేను చెప్పలేదు. అది కుప్పకూలేది. ఆదివారాలు డ్యూటీ లేదు, బ్యాటరీ తీసేవాడు కాదు.

బావ మాట్లాడడం అయ్యాక ఫోన్ తీసుకుని బొమ్మ నొక్కాను. తెరుచుకుంది. ఓ నెగెటివ్ నొక్కాను. చాచా ఉర్దూ పేజీలో వెతికి పట్టిన ఆ ఇద్దరి పేర్లు వరసగా ఉన్నాయి. ఎవరికీ చూపించలేదు. ఆఫ్ చేసి బావ చేతికిచ్చాను. లోపల ఆయన నేస్తం ఇంకా కళ్లు తెరవలేదు.

ఇంటికొచ్చి ఆ ఎర్ర అక్షరాల పట్టీ చివరి దాకా చదివాను. పత్రం ఇంకా చెల్లదని అడుగు నుంచి నాలుగో లైన్లో స్పష్టంగా రాసి ఉంది. పది రోజులుగా, యాప్ ఆగిపోయిన ప్రతిసారీ రాసే ఉంది.

తారీఖు సరి చేసుకొమ్మని చెప్పి ఊరుకుంటే పని అయిపోయేది. కానీ అసలు తప్పు తారీఖుది కాదని ఇంటికి తిరిగొచ్చే ఆటోలోనే తెలిసింది. అవసరం వచ్చినప్పుడు సిగ్నల్ ఉండకపోవచ్చు, సర్వర్ పలకకపోవచ్చు. పేర్లన్నీ ముందే ఫోన్‌లో దాచి, తెరవగానే అవే కనబడేలా మార్చాను. సర్వర్ దొరికితే కొత్తవి తర్వాత చేరుతాయి, దొరక్కపోతే ఏమీ కాదు. గురువారం, శుక్రవారం ఆ పనే. బావ తీసిన బ్యాటరీ వేసి, తారీఖు ముట్టుకోకుండా, సిమ్ కూడా తీసేసి నొక్కాను. తెరుచుకుంది. అయినా నమ్మకం కుదరక శనివారం ఎన్నిసార్లు నొక్కానో లెక్కలేదు.

నోట్‌బుక్కు మాత్రం బుధవారమే చాచాకు ఇచ్చేశాను. శనివారం షాపుకు వెళ్లి జరిగిందంతా చెప్పాను. వేరే షాపులో మాత్రలు కొన్న సంగతి కూడా చెప్పాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ విన్నాడు.

"నువ్వు తెరుచుకుంటలేదని వెంటనే చెప్పినవ్. ఆగు చాచా, ఇప్పుడే తెరుస్త అనుకుంట కూసుంటే ఏమయ్యేది?" అన్నాడు.

గనిలో దెబ్బ తగిలిన ఆయన నెల రోజులు దవాఖానలో ఉండి ఇంటికి వచ్చాడు. ఒక కాలు కొంచెం ఈడ్చి నడిచేవాడు. గని పైన, దిగేవాళ్లకు దీపాలు ఇచ్చే ల్యాంప్ రూమ్‌లో పని ఇచ్చారు.

సభ రోజున, ఆ ఆదివారం, కమ్యూనిటీ హాల్లోకి ముప్పై మంది దాకా వచ్చారు. మైకు ముందు నిలబడ్డాను. బావ ఫోన్ చేతిలో చెమటకు జారుతోంది. నొక్కాను, తెరుచుకుంది, చప్పట్లు కొట్టారు. ఫోన్ ముందు వరసలో చేతులు మారింది. అంతలో ముందు వరసలో ఒక పెద్దాయన లేచి, తన పేరు కనబడుతోంది గాని ఆ నంబర్ ఎప్పుడో పోయిందన్నాడు. ఆయన వెనక ఇంకొకాయన, తనదీ మారిందన్నాడు. ఇంకొకామె, తన భర్త మందమర్రికి బదిలీ అయి రెండేళ్లయిందని చెప్పింది. చాచా ఒక బల్ల వేయించి కుర్చీ నా వైపు జరిపాడు. వరసలో మొదట మా బావ నిలబడ్డాడు, బి పాజిటివ్ అని రాసుకొమ్మన్నాడు. సాయంత్రం హాలు తాళం వేసే దాకా నేను నంబర్లు దిద్దుతూ కూర్చున్నాను.