వెచ్చని నేల మీద కునుకు

అది 2005 చలికాలం. సౌదీలోని తబూక్‌లో ఒక పాత విల్లాకు మరమ్మతు చేస్తూ, గదుల నేల కింద వేడినీళ్ల పైపులు వేశాం. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. పని ముగించి వెళ్లేటప్పుడు ‘ఖలాస్’, అంటే అయిపోయిందని, నేను గట్టిగా కేకెయ్యాలి. అది విన్నాకే ఆడవాళ్లు గదిలోకి వచ్చేవారు.

పైపుల్లోకి మొదటిసారి వేడినీళ్లు వదిలిన రోజు అలవాటుగా కేకేసి సామాను సర్దుకున్నాను. అరచెయ్యి ఆనిస్తే టైల్స్ వెచ్చగా ఉన్నాయి. మా రేకుల క్యాంపులో చలికి సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్లయిందో! ఒక్క నిమిషమని నడుం వాల్చాను. అంతే.

ఆడవాళ్ల అరుపులకు మెలకువ వచ్చింది. కిటికీ బయట, నాతో పనిచేసే మా ఊరి మల్లన్న, “కండ్లు తెరువకురా! గోడ దిక్కు తిరుగు, సచ్చినం!” అని మొత్తుకుంటున్నాడు. గోడకు ముఖం పెట్టి నిలబడ్డాను. ఇక జైలే అనుకున్నాను.

యజమాని వచ్చాడు. తిట్టలేదు. నేను పడుకున్న చోట వంగి, చెయ్యి పెట్టి చూసి, వేడి బాగుందని వచ్చీరాని హిందీలో, “గరం అచ్ఛా హై” అన్నాడు.

మర్నాటి నుంచి మాత్రం రోజూ ఆయనే వచ్చి, నన్ను గేటు దాటించి, గదులన్నీ చూసుకుని, తనే ‘ఖలాస్’ అని కేకేసేవాడు.

కొట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి. గేటు బయట తల వంచుకుని విన్న ఆ కేక మాత్రం ఇంకా చెవిలోనే ఉంది.