ఓడలో మూడు రాత్రుల భోజనం

పొదిలిలో మాది పురుగుమందుల కొట్టు. ఈ ఏడు అమ్మకాలు బాగున్నాయని కంపెనీవాళ్లు నన్నూ మా ఆవిడ మస్తాన్‌బీనీ సింగపూర్ ఓడ ప్రయాణానికి పంపుతున్నారు. ఓడలో మూడు రాత్రులు. మామూలు హాల్లో భోజనం టిక్కెట్టులోనే ఉంటుందట, స్పెషల్ రెస్టారెంట్లకు మాత్రం విడిగా కట్టాలట. ఎన్ని రాత్రులు కావాలో చెప్పమని ఈ మధ్యాహ్నం ట్రావెల్స్ అతను ఫోన్ చేశాడు.

తోటి డీలర్ల ముందు తగ్గకూడదని నేను మూడూ రాసుకోమనబోయాను. ఈలోగా మా ఆవిడ ఫోన్ లాక్కుని స్పీకర్లో పెట్టింది.

"ఏం బాబూ, ఆ మామూలు దాంట్లో వంటెవరు చేస్తారు?"

"ఓడవాళ్లేనండి."

"మరి గిన్నెలెవరు తోముతారు?"

"అవీ వాళ్లే కడుగుతారండి."

"అయితే స్పెషల్ ఒక్క రాత్రి కూడా వద్దులే. నేను వండకుండా, గిన్నెలు తోమకుండా తినేదేదైనా నాకు స్పెషలే."

అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మా పెళ్లయి ఇరవై రెండేళ్లు.

సాయంత్రం టీ నేనే పెట్టాను. ఒక గుక్క తాగి, "అల్లం ఎక్కువైంది. పర్లేదు, రేపు కూడా పెట్టండి" అంది.

తోటి మొగుళ్లారా, మీరు వారానికి ఎన్నిసార్లు పొయ్యి దగ్గరికి వెళ్తున్నారో నిజం చెప్పండి. నేను ఎన్నిసార్లకు ఒప్పుకోవాలో తేల్చుకోవాలి.