అన్న చూసిన షికాగో

మా నిర్మల్‌లో ఖిల్లా గోడమీది జిన్ను మొదలు వాగు ఒడ్డున ఏడ్చే ఆడమనిషి దాకా నేను విన్నన్ని కథలు ఇంకెవరూ విని ఉండరు. మాది కూర్చుని చేసే పని. పక్కన చేరి కథలు చెప్పేవాళ్లకు కొదవ ఉండదు. ఒక్కటీ నమ్మలేదు. "నువ్వు చూసినవా?" అని అడిగితే "మా బామ్మర్ది చూసిండు" అనేవాళ్లు. ఆ బామ్మర్దిని పట్టుకుని అడిగితే ఆయన తన బామ్మర్ది పేరు చెప్పేవాడు. దెయ్యాలన్నీ బామ్మర్దులకే ఎందుకు కనిపిస్తాయో అని ఎగతాళి చేసేవాణ్ని.

ఇది మాత్రం నాకు జరిగింది. నా చేతికి, పట్టపగలు, నలుగురూ చూస్తుండగా జరిగింది. నన్ను కూడా ఎవడో ఎగతాళి చేస్తాడని ఇన్నేళ్లు నోరు విప్పలేదు.

మేం బొమ్మలు చేసేవాళ్లం. పొనికి కర్రను చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి పూసి, ఆరాక రంగులు వేస్తాం. అన్నిటికంటే చివర కళ్లు పెడతాం. మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. బొమ్మను ఎవరు మొదలుపెడితే కళ్లు వాళ్లే పెట్టాలి. మొదలుపెట్టినవాడు మధ్యలో చనిపోతే, పదకొండో రోజు దాటాక ఇంట్లో వారసుడు ఆ బొమ్మకు కళ్లు పెడతాడు. మా తాత వదిలిపోయిన ఏనుగు మావటికి మా బాపు అలాగే పెట్టాడు. అంటే ఒకరి బొమ్మకు ఇంకొకరు కళ్లు పెట్టారంటే, మొదటివాడు భూమ్మీద లేడని లెక్క.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఏడెనిమిదేళ్లయింది అప్పటికి. హైదరాబాదు నుంచి ఒక ఆఫీసరు వచ్చి, అమెరికాలో షికాగో అనే ఊళ్లో పెద్ద ప్రదర్శన ఉందనీ, మా అన్న నర్సింహులు అక్కడ జనం ముందు కూర్చుని పని చేసి చూపించాలనీ అన్నాడు. అన్న అంటే మా వీధిలో అందరికీ గురువు. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. బాపు పోయాక నాకు కుంచె పట్టడం నేర్పినవాడూ, తప్పు చేస్తే నెత్తిమీద మొట్టినవాడూ ఆయనే.

అన్న తొమ్మిది బొమ్మలు చేశాడు. వడ్లు చెరిగే ఆమె, కల్లు గీసేవాడు, డప్పు కొట్టేవాడు, ఇట్లా మన ఊరి మనుషులే. కళ్లు మాత్రం అక్కడ అందరూ చూస్తుండగా పెడతానని వదిలాడు. పెట్టెలు ముందే బొంబాయి నుంచి ఓడలో పోయాయి. అవి వెళ్లిన నెలకు అన్న దగ్గులో నెత్తురు పడింది. ఎక్స్‌రే చూసిన డాక్టరు ప్రయాణం కాగితం మీద సంతకం పెట్టనన్నాడు. టికెట్టు తయారైంది కనుక ఆ జాగాలో నన్ను పంపారు.

సిగ్గు విడిచి చెబుతున్నాను. అన్నకు రోగమని ఏడుస్తూనే లోపలెక్కడో సంతోషించాను.

బస్సు దగ్గరికి అన్న కూడా వచ్చాడు. వద్దంటే వినలేదు. ఒంటిమీద శాలువా, నోటికి రుమాలు.

"తమ్మీ, నా బొమ్మల కండ్లు ముట్టకు. నేనింక బతికే ఉన్న," అన్నాడు.

"గదేం మాటనే అన్నా! ముట్ట. నీ మీద ఒట్టు," అన్నాను.

"అట్లనే వాపస్ పట్టుకరా. జర పానం కుదుటవడ్డంక నేనే పెడ్త."

ఆ ఒట్టు నేనే వేశాను. ఎవరూ అడగలేదు.

షికాగో గురించి ఏం చెప్పను? అందరూ అడిగేవాళ్లు, ఎంత బాగుంటుందని. నాకు ఆ ఊరిని చూస్తే గుబులు పుట్టింది. ఇనుప స్తంభాల మీద, ఇళ్ల కిటికీల ఎత్తున రైలు పోతుంది. దాని కింద రోడ్డు మధ్యాహ్నం కూడా చీకటిగా ఉంటుంది. మార్చి నెలలో కూడా నోట్లోంచి పొగ వస్తోంది. నాతో వచ్చిన ఆ హైదరాబాదు ఆఫీసరు తన పాత కోటు నాకిచ్చాడు. దాని చేతులు నా వేళ్ల దాకా వచ్చేవి. ప్రదర్శన జరిగే భవనం వెనక ఒక సరస్సు ఉంది. సముద్రమంత ఉంది, అవతలి ఒడ్డు కనిపించదు. ఒడ్డున నీళ్లు గడ్డకట్టి, పలకలు పలకలుగా విరిగి, ఒకదానికొకటి తగులుతూ చప్పుడు చేస్తున్నాయి. అంత వింతను చూసి నాకు వచ్చిన ఆలోచన ఒక్కటే, ఇక్కడికి రావలసినవాడు అన్న అని.

ప్రదర్శనలో నేను నా సొంత చిలకలూ జింకలూ చేస్తూ కూర్చునేవాణ్ని. నా వెనక బల్లమీద అన్న బొమ్మలు తొమ్మిది నిలబడి ఉండేవి. మొహాలు నున్నగా, ఖాళీగా. ఆఫీసరు మొదటిరోజే ముఖం చిట్లించాడు. ఆయనది కృష్ణా జిల్లా. మంచివాడే కానీ మా కట్టుబాటు ఆయనకు తలకెక్కలేదు.

"అదేం పట్టింపయ్యా! మీ అన్నకు నువ్వేమైనా పరాయివాడివా? ఒక్క గంట పని," అన్నాడు.

మూడు రోజులు ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. నాలుగోరోజు పొద్దున, పది గంటలకు తలుపులు తెరవగానే ఒక ముసలి దొరసాని వచ్చింది. వడ్లు చెరిగే బొమ్మను చేతుల్లోకి తీసుకుని, బొటనవేలితో దాని మొహం తడిమి, ఆఫీసరును ఏదో అడిగింది. ఆయన ముఖం ఎర్రబడింది.

"మీ దేశంలో వీళ్లంతా గుడ్డివాళ్లా అని అడుగుతోందయ్యా. ఇక చాలు. ఇప్పుడే కళ్లు పెడతావా, లేకపోతే తొమ్మిదీ పెట్టెలో పెట్టి మేకులు కొట్టించనా?"

అన్న చేసిన ఆఖరి పని అది. ఆఖరిదని నాకు తెలుసు, ఎక్స్‌రే నేనూ చూశాను. దాన్ని ఎవరూ చూడకుండా పెట్టెలో వేసి మేకులు కొడతారంటే నా మనసు ఒప్పలేదు. ఒక్కదానికి పెడదాం, వడ్లు చెరిగే ఆమెకు మాత్రమే అనుకున్నాను. అన్నా, మాఫ్ చెయ్ అని లోపల అనుకుని నలుపు కలిపాను.

కుంచె ముంచడం గుర్తుంది. బొమ్మను ఎడమచేతిలోకి తీసుకోవడం గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది చప్పట్లు. తల ఎత్తితే చుట్టూ ముప్పై, నలభై మంది ఉన్నారు. బల్లమీద తొమ్మిది బొమ్మలూ నన్ను చూస్తున్నాయి.

ఇక్కడ మా పని సంగతి కొంచెం చెప్పాలి. కన్ను గీత నేను ముక్కు వైపు మొదలుపెట్టి చెవి వైపు లాగుతాను. బాపు అలాగే లాగేవాడు. అన్న ఒక్కడే చెవి వైపు నుంచి ముక్కు వైపు లాగేవాడు. కుంచె ఆనించిన చోట గీత లావుగా ఉంటుంది కనుక ఎవరి చెయ్యో మా వీధిలో ఎవరైనా చెబుతారు. చిన్నప్పుడు అన్నలాగా లాగాలని ఎన్నో బొమ్మలు పాడు చేశాను, మొట్టికాయలు తిన్నాను, నాకు రాలేదు. ఆ తొమ్మిది బొమ్మలకూ గీత చెవి వైపు లావుగా ఉంది.

ఇంకొకటి. కుంచె మొన సరిచూడడానికి నేను గిన్నె అంచుకు రాస్తాను. అన్న ఎడమచేతి బొటనవేలి గోరుమీద రాసుకుంటాడు. నా ఎడమ బొటనవేలి గోరు మొత్తం నల్లగా ఉంది.

ఆఫీసరు నా భుజం తట్టి, "ముప్పావు గంటలో తొమ్మిది! భలేవాడివయ్యా. కానీ అంత దగ్గు ఎప్పటినుంచి? మందు తెప్పించనా?" అన్నాడు.

నాకు దగ్గు లేదు. ముందూ లేదు, తర్వాతా రాలేదు.

ఆ రోజు మళ్లీ కుంచె ముట్టలేదు. అన్న పోయాడు, నేనే పంపించాను అని కోటులో ముఖం పెట్టుకుని ఏడ్చాను. టెలిగ్రాము వస్తుందని వారం రోజులు ఎదురుచూశాను. రాలేదు.

ఇంకో పదిహేను రోజులకు ఇంటికి చేరాను. గుమ్మంలో వదినె నుదుట బొట్టు చూసి ప్రాణం లేచి వచ్చింది. అన్న మంచం మీద ఉన్నాడు. బొక్కలూ తోలూ మిగిలాయి. కాళ్లు పట్టుకుని నేరం ఒప్పుకుందామని వంగాను. నేను నోరు తెరవకముందే ఆయనే అన్నాడు.

"తొమ్మిదింటికీ చూపు వచ్చింది గద తమ్మీ?"

వంగినవాణ్ని లేచి మంచం పట్టెమీద కూర్చున్నాను.

"నువ్వు పెట్టలే. నేనే పెట్టిన. ఏం చలిరా అయ్య అది! వేళ్లు కొంకర్లు పోయినయ్. ఆ నీళ్ల ఒడ్డుకు గాజులోల్ల మలారం కదిలినట్టు గలగల గలగల, ఒకటే చప్పుడు. ఇంటి మీదికెల్లి రైలు ఉరుకుతది. గట్ల కూడ ఊరు కడ్తరా!"

వదినె పక్కన నిలబడి కళ్లు తుడుచుకుంటోంది. ఆమె చెప్పింది ఇది: "కాముని పున్నం నాడు రాత్రి, బయట పోరగాండ్లు కాముని కాలవెడ్తుండ్రు. ఉడుకపోస్తుంది. ఈయన గజగజ వణికిండు. రెండు గొంగళ్లు కప్పిన. పిలిస్తే పలుకలే. కుడిచెయ్యి వేళ్లు మాత్రం ఆడుతనే ఉన్నయ్. ఎంతసేపనుకున్నవ్! పానం పోతుందని నేను మొత్తుకున్న."

కాలెండరు చూశాను. నేను అక్కడ నలుపు కలిపిన రోజే. అక్కడ పొద్దున పది అయితే మనకు రాత్రి తొమ్మిదిన్నర అని ఆఫీసరు ముందే చెప్పి ఉన్నాడు.

అక్కడి నుంచి నేను రాసిన ఉత్తరాలు రెండే. మేమిద్దరం చదివింది ఉర్దూ బడి, అందుకని ఉర్దూలోనే రాశాను. వాటిని మళ్లీ తెరిచి అక్షరం అక్షరం చదివాను. తిండి సయించడం లేదనీ, చలి ఉందనీ, ఆరోగ్యం జాగ్రత్త అనీ ఉంది. సరస్సు లేదు, దాని చప్పుడు లేదు, రైలు లేదు.

ఇంటికి వచ్చిన నాలుగోరోజు మధ్యాహ్నం అన్న ఒక్కడే ఉన్నప్పుడు అడిగాను. "అన్నా, నిజం చెప్పు. నువ్వే వచ్చినవా, నేను పరేషాన్ కావద్దని గిట్ల అంటున్నవా?"

నవ్వబోయి దగ్గాడు. నీళ్లు తాగించాను. "బొమ్మలకు చూపు వచ్చింది. ఇగ దాని సంగతి నీకెందుకురా?" అని గోడ వైపు తిరిగాడు. మర్నాడు పొద్దు పొడిచేసరికి పోయాడు.

ఆ బొమ్మలు అక్కడే ఎవరి ఇళ్లకో వెళ్లిపోయాయి. ఆఫీసరు తర్వాత ఒక ఫోటో పంపాడు. మా వీధిలో పెద్దమనిషి ఒకాయనకు ఏమీ చెప్పకుండా చూపించాను. "ఇంకెవలిది? మీ అన్న చెయ్యే," అన్నాడు.

లెక్కకు అందేట్టు ఆలోచించకపోలేదు. ఇరవై ఏళ్లకు పైగా ఆయన పక్కన కూర్చున్నాను, భయంలో నా చెయ్యి ఆయన చేతిని దొంగిలించి ఉండవచ్చు. రైలు సంగతి ఎవరో చదువుకున్నవాళ్లు చెప్పి ఉండవచ్చు. జ్వరంలో వణుకు ఎవరికైనా వస్తుంది. ఒక్కొక్కటీ విడిగా చూస్తే దేనికైనా సమాధానం దొరుకుతుంది. నీటి ఒడ్డున ఆ చప్పుడు మాత్రం నేను ఈ భూమ్మీద ఎవరికీ చెప్పలేదు.

దెయ్యాలను ఇప్పటికీ నమ్మను. కానీ ఆ రోజు అన్న వచ్చాడని నమ్ముతాను. నమ్మకపోతే, బతికి ఉన్న మా అన్న బొమ్మలకు కళ్లు పెట్టింది నేనే.