ఓయివా సల్మెలా ఎందుకు అరుస్తాడు?

హల్లవేసి పురపాలక సంఘం గత జూన్ నెలలో ఓయివా సల్మెలాను ఊరి డిస్క్ గోల్ఫ్ మైదానంలో అడుగు పెట్టకుండా నిషేధించింది. అరిచాడన్నది అభియోగం. అరిచిన మాట నిజం. మిగిలినదంతా అన్యాయం.

ఓయివాకు ఉన్నది ఒకే ఒక్క విపరీతం: డిస్కు విసిరే ముందు అరుస్తాడు. ఆ అరుపు మామూలుది కాదు. గొంతు సవరించుకుని, మెడ నరాలు బిగించి, "ఓయివా విసురుతున్నాడహో!" అని దండోరా వేస్తాడు. సరస్సు మీది బాతులు లేచిపోతాయి. అవతలి ఒడ్డున గాలం వేసుక్కూర్చున్నవాడు తన గాలానికే ఏదో పడిందనుకుని లాగేస్తాడు. బస్సులో తుమ్మినవాడు క్షమాపణ చెప్పుకుని తరువాతి స్టాపులో దిగిపోయే దేశంలో ఇటువంటి గొంతు ఉండడమే ఒక వింత.

పళ్ళెంలాంటి ప్లాస్టిక్ డిస్కును దూరాన ఉన్న బుట్టలోకి విసిరే ఈ ఆటలో, ఎదుట మనుషులుంటే హెచ్చరించడం మర్యాదే. ఓయివా మనుషులు లేకపోయినా అరుస్తాడు. గొలుసులు వేలాడే ఇనప బుట్ట రెండడుగుల దూరంలో ఉండి, చెయ్యి చాపి డిస్కును అందులో పెట్టేస్తే సరిపోయేచోట కూడా అరుస్తాడు. ప్రతి బుధవారమూ వారపు పోటీలో అతని పక్కన నిలబడవలసి వచ్చే రొట్టెల దుకాణం వేసా, చెవులు మూసుకుని అడిగేవాడు.

"ఇప్పుడెవరికయ్యా చెప్పావు?"

"బుట్టకి."

"దానికి చెవులున్నాయా?"

"గొలుసులున్నాయిగా. చెప్పకుండా వేస్తే ఉలిక్కిపడతాయి."

మరో వారం అడిగితే జవాబు మారేది. "డిస్కుకి చెబుతున్నా. అది ఎవరి చేతిలో ఉందో దానికి తెలియాలి కదా!"

"దాని వెనక నీ పేరు రాసే ఉందిగా?"

"చదువు రాదు దానికి."

వేసాకు ఎటూ పాలుపోయేది కాదు. పడవ నడిపిన అలవాటేమో అని సరిపెట్టుకోబోయాడు. ఓయివా ముప్ఫై ఏళ్ళు రేవులో పడవ నడిపాడు మరి. కానీ ఆ పడవెక్కిన వారెవరిని అడిగినా ఒకటే మాట: ఈ చివర ఎక్కి ఆ చివర దిగేలోపు మనిషి నోరు విప్పిన పాపాన పోలేదు. ఉద్యోగమంతా మౌనంగా చేసినవాడికి విశ్రాంతిలో ఈ గొంతు ఎక్కడినుంచి ఊడిపడిందో ఎవరికీ బోధపడలేదు.

ఆ మాటకొస్తే మైదానం మాత్రం ఎవరికి బోధపడింది గనుక? ప్రారంభోత్సవం నాడు రిబ్బను కోయడానికి తెచ్చిన కత్తెర తరువాత మరో పనిముట్టు అక్కడికి రాలేదు. నాలుగో బుట్ట దగ్గరి పలక మీద పదో బుట్ట పటం ఉంటుంది. ఏడో బుట్ట తరువాతి బాణం గుర్తు సరాసరి సరస్సులోకి చూపిస్తుంది. ఆటగాళ్ళు నిలబడి విసిరే చాపలు చిరిగి నాచు పట్టాయి. తొమ్మిదో బుట్ట నడివేసవి పండుగనాడు తాగి ఇల్లు చేరుతున్న మగవాడిలా ఒక పక్కకు వాలి ఉంటుంది. ఐదో బుట్టను వెతుక్కుంటూ వెళ్ళిన జర్మన్ దంపతులు పక్క ఊరి శ్మశానంలో తేలారు. ఇది చాలదన్నట్టు, స్నానాల రేవుకు పోయే కాలిబాటలో వాగు మీది కొయ్య వంతెన కూలితే, సంఘం వారు దానికి ఒక ప్లాస్టిక్ పట్టీ కట్టి, నడిచేవాళ్ళను "తాత్కాలికంగా" ఆరో బుట్ట మీదుగా మళ్ళించారు. ఆ పట్టీ కూడా చివికిపోయింది. తాత్కాలికం మాత్రం చెక్కుచెదరలేదు.

ఇంత అయోమయంలోనూ ఒక్కటే స్థిరంగా ఉండేది. సాయంత్రం ఆరయిందంటే ఓయివా అరుపు వినిపించేది. దారి తప్పినవాళ్ళు అటువైపు నడిస్తే మైదానం దొరికేది.

సరస్సు ఒడ్డున కొత్తగా వేసవి ఇల్లు కొనుక్కున్న పెద్దమనిషి, ఇంటితోపాటు నిశ్శబ్దం కూడా తన పేరనే రిజిస్టరయిందనుకుని ఫిర్యాదు చేశాడు. సంఘంలో ఉద్యానవనాల అధికారి కురొనెన్ ఓయివాను పిలిపించాడు. తోడుగా వేసా వెళ్ళాడు.

"ఎందుకు అరుస్తున్నారు?"

"వినబడాలని."

"ఎవరికి?"

"చెవులున్నవాళ్ళకి."

"కారణం చెప్పకపోతే నిషేధించవలసి వస్తుంది."

"సరే" అన్నాడు ఓయివా, టోపీ తీసుకుంటూ.

"కారణమేదో చెప్పవయ్యా, మహానుభావా!" అని వేసా మెట్ల మీద తల బాదుకున్నాడు.

"చెప్పానుగా. గొలుసులు ఉలిక్కిపడతాయి."

నిషేధం మంగళవారం అమలులోకి వచ్చింది. మరునాడు వారపు పోటీ ఓయివా లేకుండా జరిగింది. మొదటి బుట్ట దగ్గర అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. మూడో బుట్ట దగ్గరికి వచ్చేసరికి ఆ హాయి ఇబ్బందిగా మారింది. టాక్సీ నడిపే కైసు ఆరో బుట్టకు డిస్కు విసిరింది. అది ఫర్ చెట్ల వెనక్కి వంగి మాయమయింది. గొలుసుల చప్పుడు రావలసినచోట మనిషి గొంతు వచ్చింది.

"ఎవర్రా అది, మర్యాద లేకుండా?"

అందరూ పరుగెత్తారు. దురదగొండి పొదల మధ్య, భుజాన తువ్వాలుతో సిల్వి నోరో టీచరు నిలబడి ఉంది. కైసు డిస్కు ఆమె చేతి సంచిలో రొట్టెముక్కలా కూర్చుని ఉంది. రెండు జానలు పైకి వచ్చి ఉంటే ఏమయ్యేదో తలచుకుని కైసు మొహం పాలిపోయింది.

సిల్వి టీచరుకు ఎనభై ఆరేళ్ళు. ఊళ్ళో సగం మందికి మంచు మీద నడవడం నేర్పిన మనిషి. కొన్నేళ్ళుగా ఆమెకు వెలుగూ నీడా తప్ప మరేమీ కనిపించదు. తెల్లకర్ర తెచ్చిస్తే, "అది గుడ్డివాళ్ళకి కదా" అని తిప్పి పంపింది. అందుచేత ఊరంతా ఏమీ ఎరగనట్టు నటిస్తుంది. ఆమె రెండో బుట్టను చూసి రోజూ "బాగున్నారా కురొనెన్ గారూ?" అని పలకరిస్తుంది. బుట్ట జవాబివ్వదు. కురొనెన్ గారూ ఎన్నడూ ఇవ్వరు గనుక ఆమెకు ఇంతవరకు అనుమానం రాలేదు.

"టీచరు గారూ, మీరిక్కడికెలా వచ్చారు?" అన్నాడు వేసా.

"నేను రావడమేమిట్రా! నేను రేవుకు పోతున్నా. రేవే ఇవాళ ఎక్కడికో పోయింది. ఓయివా ఏడీ? గొంతు పట్టుకుందా?"

"అరుస్తున్నాడని నిషేధించారండీ" అంది కైసు.

"అరవకపోతే నేనెట్లా నడవాలే? వాడి మొదటి అరుపు వినే నేను గడప దాటేది. నిన్న ఎదురుచూసి ఊరుకున్నా, ఇవాళ ఉండబట్టలేక బయలుదేరా. కుడిచెవిన పడితే దారిలో ఉన్నట్టు. ఎదుటినుంచి వస్తే ఆగుతా. డిస్కు పోయిన చప్పుడయ్యాక కదులుతా. ఎడమచెవిన పడితే రేవొచ్చినట్టు."

వేసా అడ్డు తగిలాడు. "మరి రెండడుగుల దూరంనుంచి కూడా అరుస్తాడెందుకండీ?"

"బుర్ర ఉందిట్రా నీకు? ఒక్క ఆరో బుట్ట దగ్గరే అరిస్తే, అది నాకోసమేనని నాకు తెలిసిపోదూ? అందుకని అన్నిచోట్లా అరుస్తాడు. నాకు తెలియదనుకుంటున్నాడు, పిచ్చి సన్నాసి."

"మీరు చెప్పలేదా?"

"చెబితే సిగ్గుపడతాడు. సిగ్గుపడితే వాడికి నోరు పెగలదు. బళ్ళోనూ అంతే."

ఓయివా దూరంగా ఏమీ లేడు. మైదానం సరిహద్దు రాయికి సరిగ్గా ఒక అడుగు ఇవతల, ఉత్తర్వును అక్షరాలా పాటిస్తూ, విసరడానికి డిస్కూ అరవడానికి సాకూ లేక చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అటునుంచి వస్తున్న టీచరును చూడగానే చెవులు ఎర్రబడ్డాయి.

"ఒరేయ్ ఓయివా! ఎన్నేళ్ళనుంచి అరుస్తున్నావురా నాకోసం?"

"మీకోసమా? అబ్బే, లేదండీ. ఆ బుట్టలకి... గొలుసులు..."

"ఉలిక్కిపడతాయి. విన్నాను. చెయ్యి ఇటివ్వు, రేవు దాకా దిగబెట్టు."

ఓయివా చెయ్యి చాపబోయి ఆగిపోయాడు. "దారి మైదానంలోంచే పోతుందండీ. నాకు నిషేధం కదా."

రాయికి అటుపక్క ఆమె, ఇటుపక్క అతను. మధ్యలో ఉన్నది ఒక్క అడుగు, అదీ పురపాలక సంఘానిది. ఆ సాయంత్రం ఆమె ఈత కొట్టకుండానే కైసు టాక్సీలో ఇల్లు చేరింది.

ఇదంతా సిల్వి నోరో అనుమతితోనే రాయబడింది. "గుడ్డిదని మాత్రం రాయకండి. చూపు కాస్త మందమని రాయండి" అన్నది ఆమె షరతు. షరతు పాటించబడింది. ఆమె చూపు కాస్త మందం.

హల్లవేసి పురపాలక సంఘం వారికి: వంతెన కూలనిచ్చినవారు మీరు. ఇనప బుట్టకు గురిపెట్టి డిస్కులు విసిరే చోటికి నడిచేవాళ్ళను మళ్ళించినవారు మీరు. అక్కడ ఒక్క హెచ్చరిక పలకయినా నిలబెట్టనివారు మీరు. మీరు చేయవలసిన హెచ్చరికను జీతమూ గుర్తింపూ లేకుండా తన గొంతుతో చేసిన మనిషిని నేరస్థుణ్ణి చేసినవారూ మీరే. నిషేధాన్ని నేడే రద్దు చేయండి. వాగు మీద వంతెనను మంచు పడేలోపు తిరిగి కట్టండి. అది పూర్తయ్యే వరకు ఓయివా సల్మెలా తన ఇష్టమొచ్చినంత గట్టిగా, ఎంత దగ్గరినుంచైనా సరే అరవడానికి అడ్డు రాకండి. జవాబు లిఖితపూర్వకంగా ఇవ్వండి. మీ నిశ్శబ్దాన్ని జవాబుగా స్వీకరించేది లేదు.