పోలీసు అడగకముందే ఎర్లీన్ చెప్పిన మాట

మంచం దిగలేని ముసలమ్మల ఇళ్ళకు వెళ్ళి తల దువ్విపెట్టడం ఎర్లీన్ పని. ఇండియానాలో, ఎల్క్‌హార్ట్ ఊళ్ళో ఆమె ఇల్లు. ఉత్తరానికి కాస్త దూరం కారు పోనిస్తే రాష్ట్రం మారి మిషిగన్ వస్తుంది. ఆమెకు తల అప్పగించేవాళ్ళు సగం మంది ఇటు, సగం మంది అటు. వాళ్ళలో ఎవరైనా కన్నుమూస్తే, శవపెట్టెలో పడుకోబెట్టే ముందు ఆఖరిసారి దువ్వేదీ ఆమే. ఎవరి పాపిట ఏ పక్కకో ఇంకెవరికి తెలుసు అంటుంది.

ఆమెకున్న పెద్ద అలవాటు అడగడం. తలలో ఒక ప్రశ్న పడిందంటే దాని అంతు తేలేదాకా స్థిమితంగా ఉండలేదు. "పెళ్ళి చేసుకున్నాననుకున్నా గానీ, బోనెక్కానని తర్వాత తెలిసింది" అంటాడు ఆమె భర్త రూఫస్.

పోయినేడు ఆకులు రాలే కాలంలో, పెట్రోలు బంకు దగ్గర ఇద్దరు ఆమెను కారుకేసి అదిమిపెట్టి సంచి లాక్కుపోయారు. రోగుల ఇళ్ళకు తిరిగే మనిషి కదా, మందులుంటాయనుకున్నారు కాబోలు. అందులో ఉన్నవి నూనె డబ్బాలూ, క్లిప్పులూ, వేడి చేసి జుట్టు సాపు చెయ్యడానికి తల్లి వాడిన ఇనప దువ్వెనా. తక్కినవన్నీ మళ్ళీ కొనుక్కుంది. ఆ దువ్వెన దొరకలేదు. నెల తిరక్కుండా ఎర్లీన్ పిస్టలు కాల్చడం నేర్చుకుని, లైసెన్సు తీసుకుని, కోటు కింద కుడి నడుముకి దాన్ని పెట్టుకుని తిరగడం మొదలుపెట్టింది.

నేర్పిన గ్రాడీ ఆఖరి రోజున ఒక మాట చెప్పాడు. "ఇండియానాలో పోలీసు ఆపితే, నీ దగ్గర పిస్టలుందని నీ అంతట నువ్వు చెప్పాలని లేదు. మిషిగన్‌లో మాత్రం ఆపిన వెంటనే చెప్పి తీరాలి."

"అదేమిటి? అదే నేను, అదే కోటు, అదే పిస్టలు. గీత దాటగానే ఏం మారింది?"

"చట్టం మారింది."

"చట్టం సరే. ఏది మంచిది?"

గ్రాడీ గడియారం చూసుకున్నాడు.

ఇక ఆ ప్రశ్న ఆమెను పట్టుకుంది. రాత్రి అన్నం దగ్గర రూఫస్‌ని అడిగింది. అతను చికెన్ ముక్క పక్కన పెట్టేశాడు.

"మనలాంటి నల్లవాళ్ళ నోట 'గన్ను' అన్న మాట వినపడ్డాక పోలీసుకి తక్కిన మాటలు వినపడతాయా? మిషిగన్‌లో తప్పదు, చెప్పు. ఇక్కడ అడిగేదాకా నోరెత్తకు."

"చెప్పకుండానే వాడి కంట పడితే?"

"పడకుండా చూసుకోవే!"

మర్నాడు మిషిగన్ వైపు వెండేలియాలో వేడి దువ్వెనతో మిస్ హ్యాటీ తల దువ్వుతూ ఆవిణ్ణీ అడిగింది. తొంభై దాటిన మనిషి, కళ్ళు మూసుకునే జవాబిచ్చింది. "మా ఆయన సీటు కింద తుపాకీ పెట్టుకుని బతికినన్నాళ్ళూ ఎవడికీ చెప్పలేదు పిల్లా. ఆపిన ప్రతిసారీ పక్క సీట్లో నేను చచ్చి బతికేదాన్ని. చెప్పుంటే ఎలా ఉండేదో నాకేం తెలుసు? చెవి దగ్గర జాగ్రత్త, కాల్చేస్తావ్."

చర్చిలో పాస్టరు ప్రార్థించి నిర్ణయించుకోమన్నాడు. ప్రార్థించింది. అటునుంచీ జవాబు రాలేదు.

చలికాలం నడిమధ్యలో, మిట్టమధ్యాహ్నం, వెండేలియా నుంచి తిరిగి వస్తుంటే, ఇంకా మిషిగన్ దాటకముందే వెనక ఎర్రలైటూ నీలిలైటూ వెలిగాయి. ఎర్లీన్ కారు పక్కకి తీసి ఆపింది. ఇంజను కట్టేసి, అద్దం దించి, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టింది. మంచు తొక్కుకుంటూ వచ్చినవాడు పాతికేళ్ళ తెల్ల కుర్రాడు. చొక్కా మీద డైక్‌స్ట్రా అని పేరు.

"మేడమ్, మీ నంబరు ప్లేటు నిండా మంచు పేరుకుంది, ఏమీ కనపడట్లేదు. లైసెన్సు చూపిస్తారా?"

ఇంట్లో అద్దం ముందు ఎన్నోసార్లు చెప్పి చూసుకున్న మాటే ఎర్లీన్ అప్పగించింది. గన్ను అన్నది ముందు రాకూడదు. "ఆఫీసర్, పిస్టలు పెట్టుకోవడానికి నాకు లైసెన్సుంది. ఇప్పుడది నా ఒంటి మీదే ఉంది. మీరెలా చెయ్యమంటే అలా చేస్తాను."

డైక్‌స్ట్రా కుడిచెయ్యి తన బెల్టు మీదికి పోయింది. "ఎక్కడ?"

"కుడి నడుముకి, కోటు కింద."

"సరే. అటు చెయ్యి పెట్టకండి. డ్రైవింగు లైసెన్సు ఎక్కడుంది?"

అప్పుడు వెలిగింది ఎర్లీన్‌కి. చెప్పాలా వద్దా అని ఊరందర్నీ అడిగింది గానీ, ఈ సంగతి ఒక్కరికీ తట్టలేదు. లైసెన్సులున్న పర్సు కోటు లోపలి జేబులో, సరిగ్గా పిస్టలు పక్కనే ఉంది.

"అదీ అక్కడే" అంది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె చేతులు స్టీరింగుకి అతుక్కుపోయాయి. అతని చెయ్యి బెల్టు మీదే ఉంది. చలిలో ఇద్దరి నోళ్ళనుంచీ పొగలొస్తున్నాయి.

"అయితే తియ్యొద్దు" అన్నాడు చివరికి. "పేరూ పుట్టిన తేదీ చెప్పండి. నేను రేడియోలో కనుక్కుంటాను."

అతను తన కారులోకి వెళ్ళి వచ్చేదాకా ఎర్లీన్ కదల్లేదు. ముక్కు దురద పెట్టినా గోక్కోలేదు. తిరిగొచ్చి, అంతా సరిగ్గానే ఉందని చెప్పి, వెనక్కి వెళ్ళి చేతితొడుగుతో ప్లేటు మీది మంచు తనే తుడిచాడు. ఇక పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

ఇంకెవరైనా బతుకుజీవుడా అని వెళ్ళిపోయేవాళ్ళు. ఎర్లీన్ తల బయటపెట్టింది. "బాబూ, ఒక్క మాట. నేను చెప్పినప్పుడు నీకెలా అనిపించింది?"

డైక్‌స్ట్రా తెల్లబోయాడు. కిటికీ దగ్గరికొచ్చాడు. "నిజం చెప్పమంటారా? భయమేసింది. చెయ్యి దానంతటదే బెల్టు మీదికి పోయింది. చూశారా?"

"చూడకపోవడమేం! అప్పట్నుంచీ దాన్నే చూస్తున్నా."

"మీరు చెప్పకుండా, జేబులోకి చెయ్యి పెట్టాక నాకది కనపడుంటే..." అతను ఆగాడు. "నా చెయ్యి బెల్టు దగ్గర ఆగేదో లేదో, నాకు తెలీదు మేడమ్."

"ఈ మాట మా చర్చికొచ్చి చెబుతావా?"

వస్తాడని ఆమె అనుకోలేదు. మంచు కరిగాక ఒక శనివారం, యూనిఫాం లేకుండా, చేతిలో డోనట్ల పెట్టెతో వచ్చాడు. అందరి ముందూ ఆడి చూపడానికి చర్చి కింది హాల్లో కుర్చీలు కారులాగా వేశారు. అతను డ్రైవరు, ఎర్లీన్ పోలీసు. పిస్టలుకి బదులు అతని కోటు కింద ఒక దువ్వెన పెట్టారు.

మొదట నవ్వులాటగానే ఉంది. "లైసెన్సు తియ్యండి సార్" అంది ఆమె, గొంతు బరువు చేసుకుని. అతను ఏమీ చెప్పకుండా చప్పున కోట్లోకి చెయ్యి పెట్టాడు. దువ్వెన పిడి నల్లగా బయటికొచ్చింది. ఎర్లీన్ కెవ్వున అరిచి వెనక్కి దూకింది. అది దువ్వెనని ఆమెకు తెలుసు. అక్కడ పెట్టింది ఆమే. హాల్లో నవ్వు ఆగిపోయింది.

వెనక వరసలోంచి రూఫస్ లేచాడు. "నాదీ ఒక ప్రశ్న బాబూ. నా ఒంటి మీదా పిస్టలుంది, రోడ్డు మీద నువ్వు నన్ను ఆపావనుకో. నేను మర్యాదగా ముందే చెప్పాను. చేతులు పైనే ఉన్నాయి. అయినా నువ్వు నన్ను చూసి భయపడ్డావు. అప్పుడు నా గతేమిటి?"

డైక్‌స్ట్రా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మొహం ఎర్రబడింది. "దానికి నా దగ్గర జవాబు లేదు సార్. ఉందంటే అబద్ధమాడినట్టు."

రూఫస్ వెళ్ళి, అతను తెచ్చిన పెట్టెలోంచి ఒక డోనట్ తీసుకున్నాడు.

ఎర్లీన్ పర్సుని ఎడమవైపుకి మార్చింది. చట్టం అడగని ఇండియానాలోనూ ముందే చెప్పాలని తేల్చుకుంది. వేసవిలో ఆ అవకాశం రానే వచ్చింది. ఎల్క్‌హార్ట్ పొలిమేరలో స్పీడు ఎక్కువైందని ఆపినవాడితో అదే మాట, అదే వరసలో చెప్పింది.

"నేనడిగానా?" అన్నాడు ఆయన చిరాగ్గా. కారు దిగమన్నాడు, పిస్టలు తీసుకున్నాడు, గుళ్ళు తీసేశాడు. నడిరోడ్డు మీద ఎండలో ఆమెను నిలబెట్టి, వచ్చేపోయే కార్లన్నీ చూస్తుండగా కాగితాలు రాసుకుని, చివరికి అన్నీ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి చెబితే రూఫస్ రెండు చేతులూ పైకెత్తాడు. "నే చెప్పలా? తిన్నగా ఉన్నదాన్ని కెలుక్కున్నావ్!"

"అవమానంగానే ఉంది" అంది ఎర్లీన్, చెప్పులు విప్పుకుంటూ. "కానీ భయం వెయ్యలేదయ్యా. ఆయన చేతికి కంగారు లేదు. చిరాకంతా నోట్లోనే. ఎందుకంటావ్?"

"ఆయన్నే అడక్కపోయావా?"

"అడిగాను. స్పీడు తగ్గించమన్నాడు."

రూఫస్ పడీపడీ నవ్వాడు. కానీ ఆ మాట మీద వాళ్ళిద్దరూ ఇప్పటికీ కలవలేదు. ఇద్దరూ కలిసి పోతున్నప్పుడు, ఆమె నడుముకున్న పిస్టలు సంగతి ఇండియానాలో చెప్పొద్దని అతను, చెప్పాలని ఆమె. కారెవరు నడుపుతుంటే వాళ్ళ ఇష్టం, పక్కనున్నవాళ్ళు నోరు మెదపకూడదని మాత్రం ఒప్పందం చేసుకున్నారు. అందులో నోరు కట్టుకునే కష్టమైన సగం తన వంతుకే వచ్చిందని ఎర్లీన్ ఫిర్యాదు.